బీడీ పొగ, బొగ్గు దుమ్ము: ఒకే వాక్యానికి వ్యాఖ్యానం

మూలం:
మూసిన గదిలో తాగిన బీడీ పొగ, గాలి పీల్చే సామానులో దూరి, జిగురై అంటి, దుమ్మును నిలబెట్టి, వేడిని బంధించి, మెల్లగా చెడగొడుతుంది.

గోదావరిఖనిలో టీవీలూ కంప్యూటర్లూ బాగుచేసే దుకాణాల్లో వినిపించే మాటల్ని కూర్చి నేను కట్టుకున్న వాక్యమిది. కర్త బీడీ పొగ. అయితే ఈ ఊళ్లో ఆ కర్తకు ఒక జోడీదారు ఉంది. వాక్యం నడుమ "దుమ్ము" అని ఒక్క మాటగా వచ్చిపోయేది అదే. పొగ ఒక్కటే చేసే నష్టం తక్కువ, దుమ్ము ఒక్కటే చేసేదీ తక్కువ, రెండూ కలిస్తేనే రిపేరు ఖర్చు అని నా వాదన.

"మూసిన గదిలో"

బాయిలోకి, అంటే బొగ్గు గనిలోకి, దిగే ముందు కార్మికుడి జేబులు తడుముతారు. బీడీ, అగ్గిపెట్టె, లైటర్, ఏదీ లోపలికి పోకూడదు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలైనా, వాటి చోట వచ్చిన 2017 నాటివైనా ఈ విషయంలో ఒకటే మాట. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బాయిలో ఉన్నంతసేపు దవడలో పెట్టుకునే తంబాకే దిక్కు. ఇక పైన బజారు సంగతి: 2003 నాటి చట్టం కింద 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధం. అమలు ఎట్లుందో బస్టాండులో నిలబడితే తెలుస్తుంది గానీ, కాగితం మీద నిషేధమే. బాయిలో వద్దు, బజార్లో వద్దు. మిగిలింది ఇల్లు. చట్టం గడప దాటి లోపలికి రాదు. షిఫ్టు దిగి, స్నానం చేసి, టీవీ ముందు కూచుని వెలిగించే బీడీని అడిగేది ఇంటావిడ ఒక్కతే.

"మూసిన" అన్నదీ ఊరికే పెట్టింది కాదు. గోదావరిఖని ఉన్న రామగుండంలో ఎండ 46, 47 డిగ్రీలకు పోతుంది. నైట్ షిఫ్టు చేసి పగలు పడుకునే మనిషి కిటికీకి మందపాటి గుడ్డ వేలాడదీస్తాడు. ఏసీ ఉంటే తలుపులు మరింత బిగుస్తాయి. "ఏసీ పొగను గుంజుకుంటది" అని చాలామంది నమ్మకం. గుంజుకోదు. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలిని బయటికి పంపదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పొద్దున తాగిన బీడీ పొగ మధ్యాహ్నం దాకా దానిలోంచే పోయి వస్తుంటుంది. కూలర్ దీనికి తలకిందులు. బయటి గాలిని లోపలికి నెడుతుంది, లోపలి పొగ కిటికీ దారి పడుతుంది. పొగ విషయంలో కూలరే మేలు. కానీ ఆ బయటి గాలితోపాటు ఏమొస్తుందో దుమ్ము దగ్గర చెప్పుకుందాం.

"తాగిన బీడీ పొగ"

సిగరెట్‌లో పొగాకు ముప్పావు గ్రాము దాకా ఉంటుంది, బీడీలో పావు గ్రాము కూడా ఉండదు. అట్లాగని బీడీ పొగ పలచన అనుకోవద్దు. తునికాకు కాగితంలా తనంతట తాను కాలదు, గుంజకపోతే ఆరిపోతుంది. అందుకని గట్టిగా, మాటిమాటికీ గుంజాలి. దాంతో బీడీ తాగేవారి లోపలికి పోయే తారు, నికోటిన్ సిగరెట్‌కు ఏమాత్రం తగ్గవు, చాలాసార్లు ఎక్కువే. సామానుకు సంబంధించినంతవరకు తేడా ఒక్కటి: యాష్‌ట్రేలో వదిలేసిన సిగరెట్ తనకు తానే కాలుతూ గదిని నింపుతుంది, వదిలేసిన బీడీ ఆరిపోతుంది. ఈ ఒక్క చోట బీడీకి మార్కు వేయాలి.

ఇంతకీ పొగంటే ఒట్టి వాయువు కాదు. గాలిలో తేలే అతి చిన్న జిడ్డు బిందువుల గుంపు. ఒక్కో బిందువు మైక్రాన్‌లో మూడో వంతు ఉంటుంది. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు వేసుకుంటే రెండు వందల బిందువులు వరసగా పేర్చినా వెంట్రుకను దాటవు. నికోటిన్ అసలు రంగు లేని నూనె. గాలి తగిలిన కొద్దీ పసుపై, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. గోడ మీద, ట్యూబ్‌లైట్ పట్టీ మీద, దేవుడి పటం అద్దం మీద కనిపించే రంగు దానిదే, తారుతో కలిసి.

"గాలి పీల్చే సామానులో"

ఇంట్లో సామానంతా ఒక జాతి కాదు. కొన్ని గాలి పీలుస్తాయి, కొన్ని పీల్చవు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు రెండు మూడు ఫ్యాన్లుంటాయి, ల్యాప్‌టాప్‌కు కనీసం ఒకటి. ఏసీ ఇండోర్ యూనిట్, ఫ్యాన్ ఉన్న ఇన్వర్టర్, ప్రొజెక్టర్, పెద్ద ఆంప్లిఫయర్ అదే బాపతు. ఎల్‌ఈడీ టీవీకీ సెట్‌టాప్ బాక్సుకీ ఫ్యాన్ ఉండదు. వెనక చీలికల్లోంచి వేడిగాలి పైకి పోతుంటే కిందినుంచి చల్లగాలి నెమ్మదిగా చేరుతుంది. సెల్‌ఫోన్ దాదాపు మూసినట్టే, దాని గురించి దిగులు అనవసరం.

హార్డ్ డిస్క్ గురించి పాత భయం ఒకటుంది. రీడ్ చేసే హెడ్ ఎంత కింద ఎగురుతుందో, దాని ముందు పొగ కణం ఎంత పెద్ద బండరాయో చూపించే బొమ్మ పాత కంప్యూటర్ పుస్తకాల్లో తరచూ కనిపించేది. బొమ్మ అబద్ధం కాదు. కానీ 1973లో ఐబీఎం 3340, అదే వించెస్టర్ డ్రైవ్, డిస్కునూ హెడ్‌నూ కలిపి మూసిన పెట్టెలో పెట్టింది. ఆ దారిలో వచ్చిన మన ఇళ్ల డ్రైవ్‌లకు గాలి ఒత్తిడి సరిచూసుకునే చిన్న రంధ్రం ఉన్నా దానికి మంచి ఫిల్టర్ ఉంటుంది. కాబట్టి హార్డ్ డిస్క్ పోతే తప్పు బీడీ మీదికి నెట్టడం న్యాయం కాదు.

బాయిలో మోటార్లు, స్విచ్‌లు ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లో ఉంటాయని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ పెట్టె గాలి చొరకుండా మూసిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గ్యాస్‌ను పూర్తిగా ఆపదు. లోపల పేలితే ఆ మంట బయటికి రాకుండా, అంచుల సందుల్లో చల్లారిపోయేలా చేసిన ఏర్పాటది. ఇంటి సామానుకు ఆ బాధే లేదు, అంతా చీలికలే.

"దూరి"

గాలి కదలని గదిలో ఎత్తు రెండు మీటర్లు అనుకుందాం. 10 మైక్రాన్ల బొగ్గు రేణువు పైనుంచి నేలకు దిగడానికి పది నిమిషాలు కూడా పట్టదు. మైక్రాన్‌లో మూడో వంతుండే పొగ బిందువుకు ఐదు రోజులు పడుతుంది. అంటే అది కిందపడదు, తేలుతూనే ఉంటుంది, ఫ్యాన్ ఎటు లాగితే అటు పోతుంది. ఏసీకి వేసే జాలీ నూలుపోగుల్ని, పెద్ద దుమ్మును ఆపుతుంది, ఈ బిందువులకు అది తెరిచిన గేటే.

పాత పిక్చర్ ట్యూబ్ టీవీలు ఇంకో పని చేసేవి. కలర్ టీవీలో ట్యూబ్ దగ్గర 25 వేల వోల్టుల దాకా ఉండేది. టీవీ ఆపిన వెంటనే అద్దం మీద చెయ్యి పెడితే చేతి వెంట్రుకలు లేచి నిలబడేవి కదా, ఆ ఆకర్షణ పొగనూ లాగేది. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో బూడిద పట్టే పని ఇదే సూత్రంతో నడుస్తోంది: 1983లో మొదటి యూనిట్‌తో మొదలై 2600 మెగావాట్లకు పెరిగిన ఆ ప్లాంట్‌లో, పొయ్యిల్లోంచి వచ్చే బూడిదను చిమ్నీ ఎక్కకముందే వేల వోల్టుల పలకలతో పట్టి కింద రాలుస్తారు. వాళ్లు కావాలని చేసేదాన్ని మన ట్యూబ్ టీవీ ఎవరూ చెప్పకుండానే చేసేది. తేడా ఏమిటంటే అక్కడ పలకల్ని కొట్టి దులిపే ఏర్పాటుంది.

"జిగురై అంటి"

వాక్యంలో అసలు క్రియ ఇదే.

అంటడంలోనూ తీరు తీరు ఉంది. సూక్ష్మ కణాలకు వేడిచోటు నుంచి చల్లనిచోటికి జరిగే గుణముంది. అందువల్ల ఏసీలో చల్లని కాయిల్ రేకుల మీద పొగ బాగా పడుతుంది. ఆవిరి రూపంలో ఉన్న నికోటిన్ కూడా అక్కడే చల్లబడి అంటుతుంది, కాయిల్ మీది తడిలో కలుస్తుంది. ఏసీ వేసిన తొలి నిమిషంలో పాత బీడీ వాసన గుప్పుమనడం ఇందుకే. గదిలో ఆ రోజు ఎవరూ తాగి ఉండకపోవచ్చు.

ఫ్యాన్ రెక్కల మీద ఇంకో తీరు. పొగ తాగే ఇంటి సీలింగ్ ఫ్యాన్‌ను ఆపి, స్టూలెక్కి, గాలిని చీల్చే అంచును చూడండి. అక్కడ గోధుమ నలుపుల గట్టు ఒకటి కట్టి ఉంటుంది; గోరుతో గీకితే పొడిగా రాలదు, ముద్దగా గోట్లో ఇరుక్కుంటుంది. కంప్యూటర్ లోపలి చిన్న ఫ్యాన్‌కూ అదే గట్టు, చిన్నది. ఒక రెక్కకు ఎక్కువ, ఒకదానికి తక్కువ అంటితే ఫ్యాన్ తూకం తప్పుతుంది, బేరింగ్ అరుగుతుంది, గుర్రుమని మొదలుపెడుతుంది.

లెన్స్ ఉన్నచోట పొర కొంచెమే చాలు. సీడీ, డీవీడీ ప్లేయర్ల కాలంలో పాట నడుమ ఆగి ఆగి పోతుంటే మొదట లెన్స్ తుడిచేవారు, చాలాసార్లు అదే మందు. ఇప్పుడు డీవీడీలు పోయాయి, ప్రొజెక్టర్లు, సీసీ కెమెరాలు వచ్చాయి. బొమ్మ మసకేసినట్టుంటే కొత్తది కొనే ముందు అద్దం తుడవండి.

స్విచ్‌లు, వాల్యూమ్ నాబ్‌ల దగ్గర ఈ పొర కరెంటుకు అడ్డం. పాత ఆంప్లిఫయర్‌లో వాల్యూమ్ తిప్పితే గరగరమని వచ్చేది అక్కడి మురికే. కంప్యూటర్ ఆన్ కాకుండా బీప్ మంటుంటే మెకానిక్ ముందుగా చేసేది ర్యామ్ పీకి, బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దడం. అక్కడ పేరుకున్నది పొగ ఒక్కటే కాదు, తేమ ఉంటుంది, ఈ ఊరి గాలిలోని గంధకపు వాయువులూ ఉంటాయి. బొగ్గు కాలితే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. కుప్పలు పోసిన బొగ్గు తనకు తానే రాజుకున్నా వస్తుంది.

తమాషా ఏమిటంటే, కాంటాక్టు దగ్గర కరెంటును అడ్డుకునే ఇదే పొర, బోర్డు మీద రెండు తీగల నడుమ కరెంటుకు దారి ఇస్తుంది. ఎండిన పొర ఇవ్వదు, తేమ పీల్చిన పొర ఇస్తుంది. ట్యూబ్ టీవీలో హైవోల్టేజీ దగ్గర వానాకాలం చిటచిట శబ్దం, నీలం మెరుపు వచ్చేది అందుకే. ఎల్‌ఈడీ టీవీలో అన్ని వేల వోల్టులు లేవు గానీ, పవర్ సప్లయ్ భాగంలో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు దుకాణాలకు వచ్చే బోర్డుల్లో ఈ బాపతు కొన్ని ఉంటాయి.

"దుమ్మును నిలబెట్టి"

ఇక్కడ ఆక్షేపణ: ఇది బొగ్గు ఊరు. ఓసీపీల్లో, అంటే ఓపెన్‌కాస్ట్ గనుల్లో, బ్లాస్టింగ్, రోడ్ల మీద బొగ్గు లారీలు, ఎన్టీపీసీకి బొగ్గు మోసే రైలు, దానికి తోడు బూడిద. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి అరుగు మీద నల్లటి పొర. ఒకప్పుడు క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలు మండేవి, ఆ పొగంతా వాడలోనే ఉండేది. ఇంత నలుపు నడుమ బీడీ పొగ లెక్కెంత? సామాను చెడగొట్టేది దుమ్మే అయితే బీడీ మీద నింద ఎందుకు?

ఆక్షేపణలో సగం నిజముంది. ఇక్కడ తీసిన ఏ కంప్యూటర్‌లోనైనా, ఆ ఇంట్లో ఎవరూ పొగ తాగకపోయినా, దుమ్ముంటుంది, నల్లగానే ఉంటుంది. మిగతా సగానికి జవాబు బ్లోయర్ చెబుతుంది. పొగ తాగని ఇంటి కేబినెట్‌ను దుకాణం బయట అరుగు మీద పెట్టి మూత తీసి బ్లోయర్ కొడితే ఒక నల్ల మబ్బు లేచి పోతుంది. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ అల్యూమినియం రేకులు తళతళ కాకున్నా విడివిడిగా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని.

పొగ తాగే ఇంటిది మూత తీయగానే తెలుస్తుంది, ముక్కుకు ముందు, కంటికి తర్వాత. బ్లోయర్ కొడితే పైపై దుమ్ము లేస్తుంది, అంతే. రేకుల నడుమ ఒక గోధుమ నల్లటి పట్టు అట్లాగే నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో లేపితే నామ్‌దా ముక్కలాగా ఒకే పొరగా ఊడివస్తుంది. వేళ్లకు జిగట. సోల్డరింగ్ ఐరన్ ఆ బోర్డుకు తగిలితే కాల్చిన బీడీ వాసన మళ్లీ లేస్తుంది. కాబట్టి నింద దుమ్ము తెచ్చినందుకు కాదు; వచ్చిపోయే దుమ్మును పోనీయకుండా పట్టినందుకు. బొగ్గు దుమ్ము కూలర్ గాలితో వస్తుంది, దులిపితే పోతుంది. గదిలో జిగురు ఉంటే వచ్చింది వచ్చినట్టే ఉండిపోతుంది. ఇదే బీడీని దుమ్ము లేని ఊళ్లో తాగితే ఫ్యాన్ ఇన్నేళ్లు కాదు, ఇంకా చాన్నాళ్లు తిరుగుతుంది.

పసుపెక్కిన ప్లాస్టిక్ గురించి ఒక మాట. పాత స్విచ్‌బోర్డు, కీబోర్డు, ఫ్రిజ్ తలుపు పచ్చబడితే వెంటనే ఇంటాయన బీడీల మీద పడతారు. కొన్ని ప్లాస్టిక్‌లు, మంట అంటుకోకుండా బ్రోమిన్ మందు కలిపినవి ముఖ్యంగా, వెలుతురుకూ గాలికీ తమంతట తామే పసుపెక్కుతాయి. తేల్చుకోవడం సులువు. కరెంటు ఆపి, దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రుద్దండి. దూది పచ్చబడి కింద తెలుపు బయటపడితే పొగ. దూది తెల్లగానే ఉంటే ప్లాస్టిక్ వయసు. ఆయన నిర్దోషి.

"వేడిని బంధించి"

రేకుల నడుమ గాలి ఆడకపోతే వేడి పోదు. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వస్తే తన వేగం తానే తగ్గించుకుంటుంది. "సిస్టం స్లో అయింది, వైరస్ వచ్చినట్టుంది" అని తెచ్చే కంప్యూటర్లలో కొన్నింటి వైరస్ ఈ పట్టే. ల్యాప్‌టాప్‌లో దారి మరీ ఇరుకు గనక తొందరగా మూసుకుంటుంది.

కెపాసిటర్ల లెక్క ఇంకా కఠినం. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో స్థూలమైన సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటర్ 75 దగ్గర 16,000 గంటలు, 65 దగ్గర 32,000 గంటలు వస్తుంది. సెట్‌టాప్ బాక్స్ రాత్రింబగళ్లు ఆన్‌లోనే ఉంటుంది కదా. దానికి మొదటిది రెండేళ్లకు తక్కువ, రెండోది మూడున్నరేళ్లకు పైన. నడుమ తేడా 10 డిగ్రీలే. చల్లటి ఊళ్లో ఆ 10 డిగ్రీలు గది ఇస్తుంది. మే నెలలో రామగుండంలో గది ఏమీ ఇవ్వదు, ఉన్నదంతా ఆ చీలికల్లోంచి పోయే గాలే. దాన్నీ మూసేస్తే, మీద క్రోషియా గుడ్డ కూడా కప్పితే, చెప్పేదేముంది.

"మెల్లగా"

ఈ మాట లేకపోతే వాక్యం అబద్ధమవుతుంది. బీడీ వెలిగించగానే టీవీ పోదు. పిడుగు పడితే ఒక్క క్షణంలో పోతుంది, వోల్టేజీ ఎగిరితే ఒక్క రాత్రిలో పోతుంది. ఎల్‌ఈడీ టీవీకి "సౌండ్ వస్తది గానీ బొమ్మ వస్తలేదు" అనే జబ్బు వెనక బ్యాక్‌లైట్ బల్బుల్ని పూర్తి వెలుగులో ఏళ్ల తరబడి నడపడమే తరచూ కారణం. పొగది ఏళ్ల మీద నడిచే పని. అందుకే ఏ ఒక్క రిపేరు బిల్లునూ చూపించి ఇది పొగ వల్లే అని రుజువు చేయడం కష్టం.

"చెడగొడుతుంది"

చెడితే డబ్బెవరిది? 2009 నవంబరులో అమెరికాలో వినియోగదారుల ఫిర్యాదుల మీద రాసే కన్స్యూమరిస్ట్ అనే వెబ్‌సైటు రెండు ఉదంతాలు బయటపెట్టింది. పొగ తాగే ఇళ్లనుంచి వచ్చిన యాపిల్ కంప్యూటర్లు అవి. లోపల పేరుకున్నది సిబ్బంది ఆరోగ్యానికి ప్రమాదమని చెప్పి వారంటీ కింద బాగుచేయడానికి నిరాకరించారు. వారంటీ కాగితంలో పొగ మాట రాసి లేదని కంప్యూటర్ల యజమానులు గొడవపడ్డారు. దాన్ని కంపెనీ సాకు అని తీసిపారేయవచ్చు.

సాకో కాదో గానీ, అందులో శాస్త్రం లేకపోలేదు. మరుసటి ఏడే, 2010లో, లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల పరిశోధకులు చూపించింది ఇది: వస్తువుల మీద అంటిన నికోటిన్, గదిగాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి, క్యాన్సర్ తెచ్చే నైట్రోజమిన్లుగా మారుతుంది. ఆ నైట్రస్ ఆమ్లం గ్యాస్ పొయ్యి వంటి మంటల నుంచి వస్తుంది. అంటే పొగ పోయినా అంటిన పొర మారుతూనే ఉంటుంది.

కాబట్టి చెడిపోయేది సామాను అయితే, మూత తీసేది దుకాణంలో కూచున్న మనిషి. బ్లోయర్ కొట్టినప్పుడు లేచే ఆ మబ్బులో బొగ్గు దుమ్ము ఉంది, బూడిద ఉంది, ఎవరో పదేళ్లు తాగిన బీడీల తారు ఉంది. చాలా దుకాణాలు ఒక్క షట్టర్ వెడల్పే. వానొస్తే బ్లోయర్ లోపలే కొడతారు, ముఖానికి దస్తీ కూడా ఉండదు. ఇట్లాంటి కేబినెట్ తెచ్చి ఇచ్చేవారు "ఇంట్లో బీడీ తాగుతం అన్నా" అని ముందే చెబితే, అతను దాన్ని అరుగు మీదికి తీసుకుపోయి, గాలికి వీపు పెట్టి నిలబడి, బ్లోయర్ కంటే ముందు ఐసోప్రొపైల్‌తో తడిపి తుడుస్తాడు. తడిపిన పట్టు ఎగరదు. నీళ్లు, పెట్రోలు, థిన్నర్ వద్దు. మొదటిది బోర్డుకు, తక్కిన రెండూ ప్లాస్టిక్‌కు చేటు. పాత ట్యూబ్ టీవీ అయితే ప్లగ్ తీసినా ట్యూబ్‌లో చార్జి మిగిలే ఉంటుంది, తెలిసినవాళ్లు తప్ప మూత తీయకూడదు. పని అయ్యాక, చాయ్ గ్లాసు పట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.